గుడ్డసంచి మిషను

దుమ్ము లాగే మిషను మా అత్తగారింటికి వచ్చేనాటికి జగ్గయ్యపేటలో కరెంటు వచ్చి ఎక్కువ ఏళ్ళు కాలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు దాన్ని చూడ్డానికే పని కల్పించుకుని వచ్చేవాళ్ళు. బెజవాడ వెళ్ళి దాన్ని ఏరి తెచ్చింది మా అత్తగారూ నేనూ. ఏరేటప్పుడు ఆవిడ చూడవలసినవన్నీ చూసింది. నేను చెప్పవలసింది ఒకటి చెప్పలేదు.

నాది నందిగామ. మా నాన్న అక్కడ హైస్కూల్లో పంతులు. ఎస్సెల్సీ ప్యాసయ్యాక నన్ను జగ్గయ్యపేటలో పొలాలూ మిరపకాయల వ్యాపారమూ ఉన్న ఇంటికి ఇచ్చారు. పెద్ద ఇల్లు, నేలంతా నాపరాళ్ళు. హాలు దాటితే సన్నటి నడవా, నడవా చివర మిరపకాయల బస్తాలు వేసే కొట్టుగది. నడవాలోనే ఒక పక్కగా చిన్న గది ఒకటుండేది. ఆ గదికీ కొట్టుగదికీ మధ్యగోడ పైకప్పు దాకా లేదు, పైన మూరెడు జాగా వదిలేశారు. ఏడాది పొడుగునా ఆ జాగాలోంచి కారం ఘాటు దిగుతూనే ఉండేది. ఆ గదిలో మా మామగారి అక్కగారు ఉండేది.

నేను ఆవిడని పెద్దమ్మా అనేదాన్ని. పద్నాలుగో ఏటే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. అప్పట్నించీ ఆ ఇల్లు ఊడ్చింది. వాకిలీ పెరడూ పనిమనిషి ఊడ్చేది కానీ లోపలి గదుల్లోకి ఇంకో చీపురు రానిచ్చేది కాదు. కొండచీపురు గడ్డి తానే ఏరి, తానే కట్టేది. కట్టు బిగువుగా రాకపోతే విప్పి మళ్ళీ కట్టేది. నేను కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే నాకూ కట్టడం నేర్పాలని చూసింది. పురికొస వదులైనప్పుడల్లా పుల్లతో వేలి కణుపుల మీద కొట్టేది. "పంతులుగారి పిల్లవి, రాయడానికి తప్ప ఈ వేళ్ళు ఎందుకూ పనికిరావు," అంది. ముద్దుగా అన్న మాట కాదది. ఆవిడకి ముద్దు చెయ్యడం రాదు. దగ్గు మాత్రం ఎప్పుడూ ఉండేది. దగ్గుతూనే ఊడ్చేది, ఊడుస్తూనే దగ్గేది.

మా అత్తగారి చెల్లెలు మద్రాసులో ఉండేది. ఒక వేసవిలో అక్కడికి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ మా అత్తగారు ఒకటే పాట. వాళ్ళింట్లో వాక్యూమ్ క్లీనరు ఉంది, మీట నొక్కితే చాలు, సందుల్లో దుమ్ము కూడా లాగేస్తుంది, లాగిందంతా సంచీలో పడుతుంది. మామగారు మొదట నవ్వారు. తర్వాత విసుక్కున్నారు. చివరికి సరేనన్నారు. ఆయన ఏ విషయంలోనైనా ఆ మూడు మెట్లమీదుగానే దిగేవారు.

"అక్కయ్య ఊడుస్తోందిగా, మళ్ళీ మిషనెందుకు?" అని మాత్రం ఒకసారి అడిగారు.

"పాపం, ఎన్నాళ్ళని ఊడుస్తారండీ. ఆవిడకి విశ్రాంతి వద్దా?" అంది మా అత్తగారు.

ఆ గొంతు అంత మెత్తగా ఉండడం నేను ఎప్పుడూ వినలేదు.

బెజవాడకి నన్ను వెంట తీసుకెళ్ళింది, ఇంగ్లీషు కాగితాలు చదవడానికి. బస్సు నందిగామ దాటింది. మా వీధి మలుపు కనిపించింది కానీ దిగుతానని అడిగే ధైర్యం నాకు లేదు. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, ఏదో కూర సంగతి చెప్పినట్టు చెప్పుకొచ్చింది.

"నేను కాపురానికొచ్చేటప్పటికి నాకు పదమూడేళ్ళు. పొద్దున్నే హాలు ఊడవమనేది మీ పెద్దమ్మ. ఊడ్చేదాన్ని. వచ్చి నేలకి అరచెయ్యి రాసి చూసుకునేది. తర్వాత చేటతో దుమ్ము తెచ్చి, నేనూడ్చిన చోటే పోసేది. మళ్ళీ ఊడువమ్మాయ్ అనేది. ఒకరోజు తొమ్మిదిసార్లు పోసింది. ఏడుస్తూ ఊడ్చా. కన్నీళ్ళు పడ్డచోట మరకలయ్యాయని పదోసారి తుడిపించింది."

"మామగారు ఏమీ అనలేదా?"

"అక్కడే కూర్చుని భోంచేస్తున్నారు," అంది.

ఆవిడ కొనబోతున్నది చీపురుకి బదులు కాదని నాకు అప్పుడే అర్థమై ఉండాలి. అర్థమైంది కూడా. నాకు సంబంధం లేని పాత పగ అనుకుని ఊరుకున్నాను.

గవర్నరుపేటలో ఎలక్ట్రిక్ సామాన్ల షాపు అది. మోటార్లు బాగుచేసే ముసలాయనే గల్లాలో కూర్చుని ఉన్నాడు. మూడు మిషన్లు తెచ్చి నేలమీద పెట్టాడు. ఒకటి తేలికైనది, లేత ఆకుపచ్చ రంగు, చూపుకి బొమ్మలా ఉంది. దానికి లోపల కాగితం సంచీలే వెయ్యాలి. ఒక సంచి నిండితే పారేసి ఇంకోటి వేసుకోవాలి.

"ఆ సంచీలు మా జగ్గయ్యపేటలో దొరుకుతాయా?" అని అడిగింది మా అత్తగారు.

"బొంబాయి నుంచి తెప్పించాలమ్మా."

"ఇల్లూడవడానికి బొంబాయి మీద ఆధారపడాలా? తీసెయ్యండి."

మిగతా రెండూ ఇనుప ఒళ్ళువి. బిందెని పడుకోబెట్టినట్టు పొడుగ్గా, బరువుగా ఉన్నాయి. కింద జారడానికి రెండు పట్టీలు. రెంటిలోనూ మందపాటి గుడ్డసంచి ఉంది. తేడా ఏమిటంటే, ఒకదానిలో గుడ్డసంచి లోపల కాగితం సంచి కూడా తగిలించుకునే చట్రం ఉంది, రెండోదానిలో అది లేదు. ఉన్నది కొంచెం ప్రియం.

మా అత్తగారు చీరలు బేరమాడినట్టే చూసింది. గుడ్డసంచి తిరగేసి కుట్టు గోటితో గీరింది. "రెండు వరసల కుట్టుందా, ఒకటేనా?" రెండున్నాయి. మూతి దగ్గర తోలు పట్టీ లాగి చూసింది. గొట్టం వంచి చూసింది. పగుళ్ళు రాలేదు. ఇనుప మూత వేలితో కొట్టి శబ్దం విన్నది. మోటారులో బొగ్గుముక్కలు అరిగితే ఎవరు మారుస్తారని అడిగింది. నేనే మారుస్తానన్నాడు ముసలాయన. సంచి ఉతకొచ్చా? ఉతకొచ్చు. చిరిగితే కుట్టుమిషను మీద కుట్టుకోవచ్చా? కుట్టుకోవచ్చు.

"ఎన్నాళ్ళు మన్నుతుంది?"

"మీ మనవలు వాడతారమ్మా."

"మనవలా? ముందు ఈవిడ కననివ్వండి," అని నా వైపు చూసి నవ్వింది. షాపులో కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు మగవాళ్ళూ నవ్వారు. ఆవిడకి ఊపు వచ్చింది. "మా కోడలండి. ఇంగ్లీషు గడగడా చదువుతుంది. బడిపంతులు కూతురు. ఆ ఇంట్లో ఊడవడానికి దుమ్ము కూడా ఉండదు, అందుకని చదువుకుంది."

వాళ్ళు మళ్ళీ నవ్వారు. నేను తల వంచుకున్నాను.

అప్పుడే ఇంకెవరో వస్తే ముసలాయన లేచి వెళ్ళాడు. మా అత్తగారు, లోపల చట్రం లేని ఇనుప మిషను మీద చెయ్యి వేసి, "ఇది చాలు. గుడ్డ ఉండగా మళ్ళీ కాగితమెందుకు, చాదస్తం. ఇందులో ఏం రాశాడో చదువమ్మాయ్," అని దాంతోపాటు వచ్చిన ఇంగ్లీషు కాగితం నా చేతికిచ్చింది.

చదివాను. తడి నేలమీద వాడొద్దని ఉంది. నిప్పు రవ్వలు లాగొద్దని ఉంది. ఆ కింద ఇంకోటి ఉంది. పిండి, బూడిద, సిమెంటు లాంటి సన్నటి పొడులు ఈ మిషనుతో లాగకూడదు, గుడ్డ వాటిని ఆపలేదు, వెనక నుంచి వచ్చే గాలితో గదినిండా పరుచుకుంటాయి, అలాంటి పనికి కాగితం సంచి ఉన్న రకమే తీసుకోవాలి అని.

మిరపకాయల ఇల్లు మాది. ఆ ముక్క మాకోసమే రాసినట్టుంది.

"ఏం రాశాడు?"

"తడి నేలమీద వాడొద్దట అత్తయ్యా," అన్నాను.

"అంతేనా?"

"అంతే."

ఎందుకలా అన్నానంటే నాకు ఒక దృశ్యం కనిపించింది. పేరంటాళ్ళని పిలిచి, పట్టుచీర కట్టుకుని, ఆవిడ ఈ మిషను మీట నొక్కుతుంది. బుస్సుమని కారం ఎగిరి ఆవిడ మొహాన పడుతుంది. తుమ్ముతుంది. అందరూ నవ్వుతారు. తిరుగు బస్సులో మిషను పెట్టె మా ఇద్దరి కాళ్ళ మధ్య పెట్టుకుని, ఆ దృశ్యాన్నే మళ్ళీ మళ్ళీ తలచుకుంటూ కూర్చున్నాను. అంత సంతోషంగా నేను ఆ ఇంటికి అంతకుముందు ఎప్పుడూ తిరిగి రాలేదు.

మిషనుకి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టారు. మీట నొక్కగానే పెరట్లో గేదెలు గుంజలు పీక్కునేంత బెదిరాయి. ఆ పూట పాలివ్వలేదు. అప్పట్నించీ మిషను వేసేటప్పుడు పెరటి తలుపు మూసెయ్యాలని మామగారు చెప్పారు.

పెద్దమ్మ దాని దగ్గరికి రాలేదు. నడవా గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. "గోల," అని వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా మా అత్తగారు పేరంటం పెట్టింది. ఆ రోజు పొద్దున పెద్దమ్మ గదికి తానే వెళ్ళింది.

"వదినగారూ, ఇవాళ పేరంటాళ్ళు వస్తున్నారు. హాలు మీ చేత్తో ఊడిస్తే గానీ నాకు తృప్తి ఉండదు."

పెద్దమ్మకి ఆశ్చర్యం వేసినట్టుంది. కొత్త చీపురు తీసింది. గంటసేపు ఊడ్చింది. నాపరాళ్ళ సందులు కూడా పుల్లతో గీరి మరీ ఊడ్చింది. తర్వాత నేలకి అరచెయ్యి రాసి చూసుకుంది. అలవాటు. నేను మంచినీళ్ళ చెంబు ఇస్తే తాగి, "ఎన్ని మిషన్లొచ్చినా చెయ్యి చెయ్యేనే," అంది. ఆ ఇంట్లో ఆవిడ నాతో అన్న మాటల్లో నవ్వుతూ అన్నది అదొక్కటే.

సాయంత్రం పన్నెండు మంది దాకా వచ్చారు. తాంబూలాలయ్యాక మా అత్తగారు మామగారి తెల్లపంచె ఒకటి తెచ్చి హాలు మధ్యలో పరిచింది. నన్ను మిషను వెయ్యమంది. ఆవిడే వేస్తుందనుకున్నాను నేను. నా ఆలోచన మొదటి మెట్టులోనే తప్పిపోయింది. వేశాను. కారం ఎగరలేదు. హాల్లో కారం ఎక్కడిది? మిషను చక్కగా పనిచేసింది. మూతి సందుల వెంట జరుపుతుంటే లోపల గింజలు కరకరమని గొట్టంలో పోతున్న చప్పుడు వినిపించింది. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు. నాకు అది బాగుంది. ఆ ఊళ్ళో నన్ను అలా ఎవరూ చూడలేదు.

"ఇంక ఆపు. వదినగారూ, ఒకసారి ఇలా రండి," అని కేకేసింది మా అత్తగారు.

పేరంటానికి పెద్దమ్మ ఎప్పుడూ ఎదురురాదు. రాకూడదు. అలాంటి రోజుల్లో గదిలోంచి కదిలేది కాదు.

"పరాయివాళ్ళెవరున్నారండీ, రండి," అని మళ్ళీ పిలిచింది. ఆవిడ వచ్చి గుమ్మం అవతల నిలబడింది. ముందు వరసలో కూర్చున్న ఒక కొత్త పెళ్ళికూతురు మొహం పక్కకి తిప్పుకుంది.

మా అత్తగారు నాకు సైగ చేసింది. నేను సంచి తీసి, తెల్లపంచె మీద బోర్లించి దులిపాను.

దోసెడు కన్నా ఎక్కువే పడింది. బూడిదరంగు దుమ్ము, మిరపగింజలు, చచ్చిన చీమలు, ఇసక. దుమ్ములో చుట్టుకుని పొడుగాటి తెల్లవెంట్రుకలు. ఆ ఇంట్లో తెల్లజుట్టు ఒక్కరికే ఉంది.

"పొద్దున గంటసేపు ఊడ్చిన హాలేనమ్మా ఇది," అంది మా అత్తగారు. "ముప్ఫై ఏళ్ళనుంచీ ఇదే తింటున్నాం మేము. పాపం, ఆవిడ తప్పేముంది? కనిపిస్తే కదా."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండగలిగేదాన్ని. అయినా నవ్వాను.

పెద్దమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. వంగి, పంచెమీద దుమ్మంతా రెండు చేతులతో తన కొంగులోకి ఎత్తుకుంది. ఒక్కొక్క వెంట్రుకా ఏరింది. ఆ కొద్దిసేపూ హాల్లో దగ్గు తప్ప ఇంకో చప్పుడు లేదు. తర్వాత ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది.

"చూశారా, ఎంత శుభ్రమో!" అంది మా అత్తగారు. అందరూ మళ్ళీ నవ్వారు.

మర్నాటి నుంచి పెద్దమ్మ ఊడవలేదు. చీపురు పట్టని మనిషికి ఆ ఇంట్లో ఏ పనీ లేదు, ఎవరూ ఇవ్వలేదు. నాలుగు రోజులకి జ్వరం పట్టుకుంది. దగ్గు ఎక్కువై ఆయాసంలోకి దిగింది. రాగిజావ పెట్టి వచ్చేదాన్ని. సగం తాగి గిన్నె పక్కన పెట్టేది. నాతో మాట్లాడేది కాదు. మా అత్తగారు మాత్రం నాతో ఇప్పుడు బాగా మాట్లాడుతోంది. పక్కన కూర్చోబెట్టుకుని తమలపాకులు చుట్టి ఇచ్చేది. "మా అమ్మాయికి మిషను చెయ్యి తిరిగింది," అని వచ్చినవాళ్ళకి చెప్పేది. కోడలు అనడం మానేసింది.

ఆ రోజుల్లోనే బస్తాలు అమ్ముడుపోయి లారీలకెక్కాయి. మా ఆయన సరుకుతో గుంటూరు వెళ్ళారు. కొట్టుగది ఖాళీ అయింది. నేలమీద వేలెడు మందాన గింజలూ తొక్కలూ ఎర్రటి పొడీ. ఏటా దాన్ని పెద్దమ్మే తీసేది. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, నేలంతా నీళ్ళు చిలకరించి, పొడి ముద్దయ్యాక గోకి ఎత్తేది. రెండు రోజుల పని.

"ఈసారి మిషను వేసెయ్. ఒక పూటలో అయిపోతుంది," అంది మా అత్తగారు నాతో.

నడవాలోనే ఉన్నాం. ఆ మాట పెద్దమ్మ గదిలోకి వినిపించింది. లోపల్నుంచి ఆయాసపడుతూ అంది, "కారాన్ని గాల్లోకి లేపకూడదమ్మాయ్. నీళ్ళు చల్లి తియ్యాలి."

"మీరు పడుకోండి వదినగారూ. మీరు తీసిన శుభ్రం చూశాంగా."

అప్పుడు చెప్పాల్సింది. కాగితంలో రాసిందంతా నా కళ్ళముందు ఉంది. మర్చిపోయానని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉండేది, కానీ మర్చిపోలేదు. ఇప్పుడు చెప్తే, మరి బెజవాడలో ఎందుకు చెప్పలేదు అంటుంది. ఏం జవాబు చెప్పను? నీ మొహాన కారం పడాలని కోరుకున్నానని చెప్పనా? ఆవిడ చుట్టి ఇచ్చిన తమలపాకు ఇంకా నా నోట్లోనే ఉంది.

తడితువ్వాలు మొహానికి చుట్టుకున్నాను. గేదెలు బెదురుతాయని పెరటి తలుపు మూశాను. ఘాటు హాల్లోకి రాకుండా మా అత్తగారు నడవా తలుపు అవతల్నుంచి గడియ పెట్టింది. కొట్టుగదీ నడవా, మధ్యలో పెద్దమ్మ గదీ. గాలి పోవడానికి ఇంక దారి లేదు.

మీట నొక్కాను. గొట్టం ఎర్రటి పొడిని గటగటా మింగేస్తుంటే మొదట ముచ్చటేసింది కూడా. నిమిషం తిరక్కుండా మిషను వెనకనుంచి సన్నటి పొగలాంటిది లేచింది. పొగ కాదది. గుడ్డలోంచి జల్లెడ పట్టినట్టు దిగిన మెత్తటి కారం. వేడిగాలితో పైకి పోయి, గోడమీది జాగాలోంచి అవతలికి వంగుతోంది. పైకప్పులో గాజుపలకలోంచి పడ్డ ఎండలో అది వెళ్ళే దారి స్పష్టంగా కనిపించింది.

పెద్దమ్మ దగ్గడం మొదలుపెట్టింది. ఎప్పటి దగ్గు కాదది. మధ్యలో పీల్చుకోవడానికి వ్యవధి లేని దగ్గు. నేను మీట ఆపాను.

"ఏం, అయిపోయిందా?" తలుపవతల్నుంచి మా అత్తగారు.

"పెద్దమ్మకి ఘాటు తగులుతున్నట్టుంది అత్తయ్యా."

"ఆవిడ దగ్గు ఇవాళ కొత్తా? సగంలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది. కానియ్."

మళ్ళీ మీట నొక్కాను.

ఆ మోత చాలా పెద్దది. దగ్గు వినిపించలేదు. వినిపించకపోవడం నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇంకా పావుగంట వేశాను. మూల మూలలా వేశాను. నేల నల్లగా తేలింది, మెరిసింది. పని బాగా చేశానని కూడా అనుకున్నాను.

మీట ఆపాక చప్పుడు లేదు. దగ్గు కూడా లేదు. నడవాలోకి వచ్చి చూస్తే పెద్దమ్మ తన గది గుమ్మంలో బోర్లా పడి ఉంది. మంచం దిగి, హాలు తలుపు దాకా పాకుదామని చూసినట్టుంది. చేతులు ముందుకు చాపి ఉన్నాయి. మొహం ఉబ్బిపోయింది. కళ్ళు మూసుకుపోయాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. నడుముకి పట్టిన చెమటమీద సన్నటి ఎర్రపొడి అంటుకుని ఉంది.

నేను గడియ తియ్యమని తలుపు బాదాను. మా అత్తగారు తీసింది. చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత, "నీళ్ళు పట్రా. ఆయన్ని పిలువు," అంది. గొంతులో భయం ఉంది. అది పెద్దమ్మ గురించి కాదు.

డాక్టరు వచ్చాడు. సూది వేశాడు. ప్రాణం నిలిచింది. ఊపిరితిత్తులు పాడయ్యాయనీ, ఈ ఇంట్లో ఉంచితే బతకదనీ, నందిగామలో ఛాతీ వైద్యం తెలిసిన ఆయన ఉన్నాడనీ చెప్పాడు. నందిగామ అనగానే మామగారు నావైపు చూశారు. మా అమ్మానాన్నల ఇల్లు గుర్తొచ్చింది ఆయనకి. మా అత్తగారికీ అది నచ్చింది.

"మీ అమ్మకి పుణ్యం, మనకి నిశ్చింత," అంది.

కారు కట్టించి పంపించారు. మామగారు కారు దాకా వచ్చారు. అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చారు. ఆవిడ చెయ్యి లాక్కుంది. "ఇప్పుడా?" అని మాత్రం అంది.

మా ఇల్లు రెండు గదులు. ముందుగదిలో మంచం వేశారు. మా అమ్మ ఆవిరి పట్టేది, గంజి పోసేది, వీపు నిమిరేది. ఎందుకిలా అయిందని నన్ను అడగలేదు. కొట్టుగది ఘాటు తగిలిందని మామగారు రాసిన ఉత్తరం చాలనుకుంది. పదిహేను రోజులకోసారి నేను బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. వెళ్ళినప్పుడల్లా పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. మా అమ్మతో మాత్రం మాట్లాడేది. చీపురు కట్టడం కూడా చెప్పిందట. మా అమ్మ వేళ్ళమీద కొట్టలేదట.

మూడోసారి వెళ్ళినప్పుడు మధ్యాహ్నం మా అమ్మ వంటింట్లో ఉంది. నాన్న బడికి వెళ్ళారు. నేను మంచం పక్కన నేలమీద కూర్చున్నాను. చెప్పాలని బస్సులోనే నిర్ణయించుకుని వచ్చాను.

"పెద్దమ్మా, ఆ మిషనుతో కారం లాగకూడదని నాకు ముందే తెలుసు. బెజవాడలో కాగితం చదివా. అత్తయ్యకి చెప్పలేదు. ఆవిడ మొహాన పడాలనుకున్నా. నీకిలా అవుతుందనుకోలేదు. నువ్వు దగ్గుతున్నావని తెలిసి కూడా మళ్ళీ వేశా."

పెద్దమ్మ ఇటు తిరిగింది. ఒక కన్ను ఇంకా సరిగ్గా తెరుచుకోవడం లేదు.

"నాకెందుకు చెప్తున్నావు?"

"చెప్పాలనిపించింది."

"బరువు దించుకోడానికి వచ్చావా? నీ బరువు దించడానికి నేనేం కూలిదాన్నా?" మధ్యలో ఊపిరి తీసుకుంది. "మీ అత్తకి నేను చేసింది ఉంది. నాకది చేసింది. ఆ లెక్క మాది. మధ్యలో నీకేం చేశా నేను? వేళ్ళమీద రెండు దెబ్బలు వేశా. అంతేగా?"

నేను ఏడ్చాను.

"నా ముందు ఏడవకు. నాకు దగ్గొస్తుంది," అంది.

చెంబు అందుకుని నీళ్ళు ఇవ్వబోయాను. చేత్తో అడ్డం పెట్టింది. "మీ అమ్మని పిలువు. ఆవిడిస్తే తాగుతా."

తల తిప్పి చూశాను. మా అమ్మ గంజిగిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పట్నించి ఉందో నాకు తెలియదు. గిన్నె కింద పెట్టి, నా చేతిలోంచి చెంబు తీసుకుని, పెద్దమ్మని లేపి కూర్చోబెట్టి తాగించింది. సాయంత్రం బస్సెక్కించడానికి రాలేదు.

వానలు పట్టాక పెద్దమ్మ పోయింది. మునేటి ఒడ్డున దహనం చేశారు. మా అత్తగారు వచ్చింది, అందరికన్నా గట్టిగా ఏడ్చింది. దొంగ ఏడుపనుకున్నాను చాలాకాలం. ఇప్పుడు అలా అనుకోను. ముప్ఫై ఏళ్ళుగా ఎవరిమీద పగతో లేచి పగతో పడుకునేదో ఆ మనిషి లేకపోతే ఆవిడకి మాత్రం ఏం తోస్తుంది? పదకొండో రోజు దాటగానే ఆ చిన్నగదిలో బస్తాలు వేయించింది. మిషను ఇంట్లోనే ఉంది, పనిచేస్తూనే ఉంది. హాలుకి మాత్రమే వాడేవాళ్ళం. వేసేది నేనే. ఆవిడ నాతో చనువుగానే ఉంది చివరిదాకా. ఆ చనువు వద్దని చెప్పే మొహం నాకు లేదు.

తర్వాత రెండేళ్ళకి మా నాన్నకి పక్షవాతం వచ్చింది. నాకు ఉత్తరం రాలేదు. నందిగామవాళ్ళు ఎవరో బస్టాండులో కనిపించి చెప్తే పరుగెత్తుకుని వెళ్ళాను. మా అమ్మ ఒక్కతే లేపడం, పడుకోబెట్టడం చేస్తోంది. సాయానికి పక్కింటి ముసలమ్మ వస్తోంది, ఆవిడకే నడుం వంగదు.

నేను కొంగు దోపుకుని దగ్గరికి వెళ్ళాను. మందు వేళయింది. సీసా తీసి గ్లాసులో పోశాను. నాన్న నోటికి అందించబోతుంటే మా అమ్మ వచ్చి, నెమ్మదిగా, నా చేతిమీద చెయ్యి వేసి గ్లాసు తీసుకుంది.

"నువ్వు కూర్చో అమ్మా. నేనిస్తా," అంది.

సీసాలో మందు వెలుగులో పట్టి చూసింది. గ్లాసులోది కూడా చూసింది. తర్వాత నాన్నకి పట్టింది. నేను గోడవార కూర్చున్నాను. నాలుగు రోజులున్నాను ఆ ఇంట్లో. నాలుగు రోజులూ అలాగే కూర్చున్నాను.